కంపాల్దీనో చూడాలంటే ముందు పోప్పి కోట ఎక్కాలి

1289 జూన్ 11న ఇటలీలోని ఫ్లోరెన్స్, అరెజ్జో నగరాల సైన్యాలు తలపడిన కంపాల్దీనో మైదానంలో ఇప్పుడు పొలాలు, ఒక రోడ్ల కూడలి, అక్కడ 1921లో కవి దాంతె పేరిట నిలిపిన రాతి స్తంభం ఉన్నాయి. నేరుగా అక్కడికే వెళ్తే ఐదు నిమిషాల్లో చూడటం అయిపోతుంది, ఏమీ అర్థం కాదు. ముందు గ్విడి ప్రభువుల పోప్పి కోటకు వెళ్లండి. అక్కడి యుద్ధ నమూనాలో రెండు పక్షాల వరుసలు తెలుస్తాయి. ఆ తర్వాత పైనుంచి వాయవ్యంగా చూస్తే అదే నేల కనబడుతుంది. పొద్దున వెళ్తే ఎండ వీపు వైపు ఉంటుంది.

చూడాల్సిన అసలు విషయం ఒకటుంది. అరెజ్జో గుర్రపు దళం దూసుకొచ్చి ఫ్లోరెన్స్ ముందు వరుసను వెనక్కి నెట్టేసింది. కానీ రెండు పక్కలా పెద్ద డాళ్లతో, విల్లంబులతో నిలిచిన కాల్బలం చెదరలేదు. లోపలికి చొచ్చుకొచ్చినవాళ్లు మధ్యలో ఇరుక్కున్నారు. అప్పుడు ఫ్లోరెన్స్ పక్షాన కోర్సో దొనాతి తన దళంతో పక్కనుంచి పడ్డాడు. అరెజ్జో వైపు గ్విదో నొవెల్లో మాత్రం తన గుర్రపు దళాన్ని పోరులోకి దించకుండా పారిపోయాడు. అరెజ్జో బిషప్ గుల్యెల్మీనో అక్కడే చనిపోయాడు. ఆయన్ను పాతిపెట్టిన చెర్తొమోందో చర్చి ఈ మైదానంలోనే ఉంది, తప్పక ఆగండి.

ఫ్లోరెన్స్ నుంచి రైలులో అరెజ్జో చేరి, స్తియా వైపు వెళ్లే చిన్న రైలెక్కి పోప్పిలో దిగాలి. ఆ లైనుకు టికెట్టు విడిగా చూసుకోండి. ఆదివారం సర్వీసులు తక్కువ, తిరుగు రైలు వేళ ముందే రాసిపెట్టుకోవాలి. కారుంటే కొన్సూమా కనుమ దారే మేలు. ఫ్లోరెన్స్ సైన్యం శత్రువు ఊహించని ఆ దారినే దిగింది.

బసకు పై ఊరు అందంగా, ప్రశాంతంగా ఉంటుంది. కానీ స్టేషన్ కింద ఉంది, ఏటవాలు దారిలో సామాను మోయడం కష్టం. పెద్దవాళ్లు తోడుంటే కిందే దిగడం నయం. కమాల్దోలి మఠం వసతిగృహం అడవిలో చక్కటి చోటే గానీ, కారు లేకుండా ఈ ప్రయాణానికి కుదరదు.

శాకాహారులు బంగాళాదుంప కూరిన తొర్తెల్లి అనే పాస్తా అడగవచ్చు. మాంసం సాస్‌తో తెచ్చే అలవాటుంది కాబట్టి ‘సెంజా కార్నే’ (మాంసం లేకుండా) అని ముందే చెప్పాలి.

సాయంత్రం మిగిలితే బిబ్బియెనా వైపు, ఆర్కియానో వాగు ఆర్నోలో కలిసే చోటుకు వెళ్లండి. అరెజ్జో పక్షాన పోరాడిన బ్వొంకోంతె శవం ఎవరికీ దొరకలేదు. యుద్ధం ముగిశాక విరుచుకుపడిన గాలివానకు పొంగి ఈ నీళ్లే దాన్ని లాక్కుపోయాయని, ఆ రోజు ఫ్లోరెన్స్ గుర్రపు దళంలో ఉన్న దాంతె తర్వాత తన కావ్యభాగం ‘పుర్గతోరియో’ ఐదో సర్గలో రాశాడు.