ఇంటి ఫోన్ ఫైబర్‌కు మార్చినం, కరెంట్ సంగతి ఎవలు చెప్పలే: నల్లగొండ నుంచి ఎనిమిది నెలల రివ్యూ

ఈ కాలంల ల్యాండ్‌లైన్ ఎవలు వాడుతున్నరు అని నవ్వేటోళ్లకు ముందుగాలనే చెప్తున్న, మా అమ్మ వాడుతది. 76 ఏండ్లు. సెల్ ఇస్తే చెంపకు తాకి మ్యూట్ అయితది, అవతలోళ్లు హలో హలో అని ఒర్రుతనే ఉంటరు, ఈమె ఏమొ ఫోన్ పాడైంది అంటది. చేతిల పట్టేటట్టు బరువు రిసీవర్ ఉండాలె, గుండీ నొక్కితే నొక్కినట్టు తెల్వాలె, గంతే ఆమెకు. పొద్దుగాల దీపం పెట్టినంక పాలమూర్ల ఉన్న మా చిన్నమ్మకు చేస్తది, ఇద్దరు అరగంట ముచ్చట పెడ్తరు, రాత్రి ఏం కూర వండిన్రో కూడ అండ్లనే.

మా పాత రాగి వైర్ లైన్ పోయిన వానకాలంల సచ్చిపోయింది, గల్లీల మోరీ కోసం జేసీబీ పెట్టి తవ్విన్రు, కేబుల్ తెగింది. అంతకుముందు కూడ వాన పడ్డదంటే జాయింట్లల్లకు నీళ్లు పోయి గర్ర్ అని ఒకటే సప్పుడు ఉండె. సరే అని నెట్ ప్లస్ ఫోన్ ఇచ్చే ఒక ఫైబర్ కంపెనీకి పోయిన, పేరు రాయను, నెలకు 399, పైన 18 శాతం జీఎస్టీ, అంత కలిపి 471 కడ్తున్న.

ఫిట్టింగ్ మాత్రం బాగ చేసిన్రు. ఇద్దరు పిల్లగాండ్లు వచ్చిన్రు, కరెంట్ స్తంభం మీద ఉన్న డబ్బలకెల్లి నల్ల వైర్ గుంజి కిటికిల నుంచి లోపటికి తెచ్చిన్రు, ఒక పిల్లగాడు కింద కూసోని వైర్ చివర గీకి వెంట్రుక లెక్కున్న గాజు పోగు బయటికి తీసిండు, స్పిరిట్ పెట్టి తుడ్సి టిఫిన్ డబ్బంత మిషన్ల పెట్టిండు, దాని చిన్న స్క్రీన్ మీద రెండు పోగులు ఎదురెదురుగ కనపడ్డయి, సన్నగ మెరుపు మెరిసింది, రెండు ఒకటైనయి. మా అమ్మ కుర్చి దగ్గరికి గుంజుకోని సూసింది, "గింత సన్న దాంట్లకెల్లి మాటలెట్ల పోతయి బిడ్డా" అని అడిగింది. ఆ పిల్లగాడు "వెలుగు పోతదమ్మా" అన్నడు. కరెక్టే చెప్పిండు, మన గొంతు ఇంట్ల టీవీ కాడ పెట్టిన ఈ కొత్త డబ్బలనే అంకెల లెక్క మారి నెట్ పోయే దారిలనే వెలుగై పోతది, పాత లైన్ల లెక్క గొంతుకొక సపరేట్ వైర్ ఏం లేదు. డబ్బ వెనకాల చిన్న ఫోన్ పిన్ను పెట్టే సందు ఉంటది, మన పాత ఫోనే దానికి పెట్టుకోవచ్చు, కొత్తది కొనుడు అక్కర్లే.

మాది మాత్రం పెట్టంగనే రింగైతుంది గాని నంబర్ కొడితే పోతలేదు. గంట సేపు వాళ్లు డబ్బ రీస్టార్ట్ చేసుడు, ఆఫీసుకు ఫోన్ చేసుడు. చివరికి సూస్తే ఫోన్ పక్కన పీ, టీ అని ఒక మీట ఉంది, అది పీ మీద ఉంది, అంటే పాత చక్రం ఫోన్ల లెక్క పల్స్ మీద, మా డబ్బకు అది తెలుస్తలేదు. టీకి జరిపిన, పోయింది. మీ ఇంట్ల పాత సెట్ ఉంటే ముందు అది సూసుకోన్రి.

సౌండ్ అయితే మస్తు క్లియర్. వాన పడ్డా ఏం గర్ గర్ లేదు. చెవులు సరిగ వినపడని మా అమ్మకు కూడ చిన్నమ్మ దగ్గుడు వినపడుతుంది, గా మాట ఆమెనే చెప్పింది.

ఇంక అసలు సంగతి. పాత లైన్‌కు మన ఇంటి కరెంట్‌తోని పనే ఉండకపోయేది, ఎక్స్చేంజిల పెద్ద బ్యాటరీలు పెట్టి 48 వోల్టులు ఆ రాగి వైర్లనే పంపుతుండె, ఊరంత చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వచ్చేది. గాజు పోగుల కరెంట్ పోదు కద, డబ్బకు మన ప్లగ్గే దిక్కు. ఈ ముక్క ఒక్కరంటే ఒక్కరు చెప్పలే. మే నెలల ఒకనాడు రాత్రి దుమారం లేసింది, చెట్లు విరిగి కరెంట్ పోయింది, నేను దేవరకొండల ఉన్న, అమ్మ ఒక్కతే ఇంట్ల, ఎంత కొట్టినా ఫోన్ పోదు. పక్కింటోళ్లకు చేసి పోయి సూడమని చెప్పిన, ఆమె మంచిగనే పండుకుంది, నాకే పానం పోయినంత పనైంది.

ఇన్వర్టర్ ఉంది కద అంటరు. ఉంది, కాని ఫ్యాన్లకు లైట్లకు మాత్రమే దాని లైన్, టీవీ కాడి బోర్డుకు లేదు, డబ్బ ఏమొ ఆడనే. ఎలక్ట్రిషన్‌ను పిలిచి లైన్ గుంజిపిచ్చిన, అప్పుడు ఇంకో తమాష, కరెంట్ పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటుల డబ్బ ఆగి మళ్ల మొదటికెల్లి లేస్తది, రెండు మూడు నిమిషాలు, మాట్లాడుతున్న కాల్ కట్. ప్రకాశం బజార్ల రూటర్లకు పెట్టే మినీ యూపీఎస్ తెచ్చినంకనే కుదిరింది. అది కొనేటప్పుడు మీ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు ఎన్ని ఆంపులు రాసిందో సూసి కొనున్రి, మాది 12 వోల్టులు 1 ఆంపు. మూడు గంటల పైననే నడుస్తుంది. అయినా కంపెనోళ్ల దిక్కు బ్యాటరీ దిగిపోతే మనం ఏం చేసినా డబ్బ మీద ఎర్ర లైటే, అట్ల నాకు రెండు సార్లు అయింది, అడిగితే కొత్త బ్యాటరీలు వస్తయన్నా అంటరు, ఇంక వస్తనే ఉన్నయి.

మా మేనల్లుడు లండన్ల ఉంటడు, ఆడ కూడ పాత లైన్లు 2027 జనవరి లోపట మొత్తం బంద్ పెడ్తున్నరు, కాని ల్యాండ్‌లైన్ మీదనే ఆధారపడ్డోళ్లకు కరెంట్ పోయినా కనీసం గంట సేపు ఎమర్జెన్సీ కాల్ పోయేటట్టు కంపెనీయే ఫ్రీగ ఏర్పాటు చెయ్యాలెనట. ఈడ ఆ ఖర్చు నాదే, యూపీఎస్‌కు 1,300, ఎలక్ట్రిషన్‌కు 400.

5కి 3 ఇస్తున్న, సౌండ్‌కు ఫిట్టింగ్‌కే అవి.

నంబర్ సంగతి మాత్రం తప్పు నాదే. కంపెనీ మారినా నంబర్ ఉంచుకునే సౌకర్యం మన దగ్గర సెల్‌ఫోన్లకే, ల్యాండ్‌లైన్‌కు లేదు. పాత కంపెనీలనే ఫైబర్‌కు మారుతే అదే నంబర్ ఇస్తరా అని ఒక్క మాట అడుగకపోతిని, తొందరపడి వేరే దాంట్ల చేరిన. 08682 పక్కన మా నాయిన తీస్కున్న నంబర్ అది, పెండ్లి కార్డుల మీద, బియ్యం డబ్బ మూత మీద, ఎక్కడ సూసినా అదే ఉండె. 2021 జనవరి నుంచి సెల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టాలె అంటే అమ్మ వారంల నేర్చుకుంది, కొత్త నంబర్ మాత్రం ఎనిమిది నెలలైనా నోటికి రాలే. మొన్న మందుల షాపాయన నంబర్ చెప్పమ్మా అంటే పాతదే చెప్పొచ్చింది, మందులు రాలేవని సాయంత్రం దాక ఎదురు సూసింది.