ఎలుకైపోయినా ఏడవని పిల్లాడు

మా తొమ్మిదేళ్ల పాపకి చదివి వినిపిద్దామని రోల్డ్ డాల్ 'ద విచెస్' కొన్నా, 1983 నాటి పుస్తకం, ఇంగ్లిష్ కాస్త బరువవుతుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ ఎక్కడా ఆగలేదు. హోటల్లో మంత్రగత్తెల మీటింగులో దొరికిపోయి ఎలుకైపోయిన పిల్లాడు ఏడవడు సరికదా, ఇక బడికెళ్లక్కర్లేదు, పరీక్షలూ ఉండవు అనుకుంటాడు! బ్రూనో అనే ఇంకో పిల్లాడైతే ఎలుకయ్యాక కూడా తిండి ఆపడు, మా పాప అక్కడ పొట్ట పట్టుకుని నవ్వింది. క్వెంటిన్ బ్లేక్ బొమ్మలు సూపర్. చివర్లో ఆ మొదటి పిల్లాడు మళ్లీ మనిషి కాడు (1990 సినిమాలో మార్చేశారు, నాకు నచ్చలేదు), ఎలుకగా ఎన్నేళ్లు బతుకుతానని అమ్మమ్మని అడిగే చోట నా గొంతు పట్టేసింది. బట్టతల మంత్రగత్తెల వర్ణన మాత్రం రాత్రిపూట చదవకండి, ఆ రోజు మా పాప లైటు ఆర్పనివ్వలేదు.