పులిసిన పెరుగు ఉంటేనే ఈ చాక్లెట్ కేకు

ఈ కేకులో నా మనసు గెలిచింది ఒక్కటే, పులిసిన పెరుగు. మిగతాదంతా అందరికీ తెలిసిందే. గుడ్డు లేదు, వెన్న లేదు, ఓవెన్ అక్కర్లేదు. మైదా, కోకో, చక్కెర, నూనె ఒకే గిన్నెలో కలిపి పొయ్యి మీద పెట్టేయడమే. ఆ కొలతలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి వాటిని మొదటి నుంచి ఏకరువు పెట్టను. హన్మకొండలో మా వంటింట్లో కొన్నేళ్లుగా, ఎండలోనూ వానలోనూ చలిలోనూ చేసి చూశాక ఇది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ కూలబడిందో అదే రాస్తున్నాను.

మాకు గుడ్డు లేని కేకే ఎందుకంటే, అత్తమ్మ శనివారాలు గుడ్డు ముట్టరు. శ్రావణం, కార్తీకం వస్తే ఇంట్లోకే రానివ్వరు. పిల్లల పుట్టినరోజులు మాత్రం మాసాలు చూసుకుని రావు కదా.

ఇక పెరుగు సంగతి. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలు దాటే రోజుల్లో పొద్దున తోడుకున్న పెరుగు మధ్యాహ్నం అన్నంలోకి వచ్చేసరికే పళ్లు పులిసేలా తయారవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం ఒక్క పూట ఆలస్యమైతే చాలు, పిల్లలు దాని వంక కూడా చూడరు. అలాంటి పెరుగుకు ఇదివరకు మా ఇంట్లో ఒకటే దారి, చల్లచారు. ఎన్ని రోజులని చల్లచారు పోసుకుంటాం? ఆ గిన్నెడు పెరుగు మెత్తటి చాక్లెట్ కేకు అవుతుందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పైగా తినేటప్పుడు పులుపు తెలియదు. కోకో చేదులో, చక్కెర తీపిలో కలిసిపోయి చాక్లెట్ రుచినే ఇంకాస్త చిక్కగా చేస్తుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం పిండి కలపకముందే జరుగుతుంది. కప్పు పెరుగును బాగా గిలక్కొట్టి ఒక స్టీలు చెంబులో పోస్తాను. అందులో అర చెంచా వంటసోడా, ఒకటింపావు చెంచా బేకింగ్ పౌడర్ వేసి ఒకసారి తిప్పి వదిలేస్తాను. మొదట అంచుల వెంట సన్నని బుడగలు లేస్తాయి. చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమని వినిపిస్తుంది. చూస్తూ ఉండగానే మీగడ తరకలు పైకి తేలుతాయి, పెరుగంతా నురగై చెంబులో సగం నుంచి అంచు దాకా ఎక్కి వస్తుంది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం వంటసోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టడమే ఇదంతా. గుడ్డు లేని కేకును పైకి లేపేది ఆ గాలే. నురగ రాగానే చక్కెర, అర కప్పు నూనె, ఒకటిన్నర కప్పు మైదా, పావు కప్పు కోకో కలిపి వెంటనే పొయ్యెక్కించాలి. పక్కన పెట్టి ఫోను మాట్లాడి వస్తే ఆ గాలి కాస్తా పోతుంది.

మొదట్లో ఎవరు అడిగినా, ఇంట్లో ఏ పెరుగు ఉంటే అది వేసేయండి, ఇది తప్పే కేకు కాదు అని చెప్పేదాన్ని. ఎండాకాలంలో మొదలుపెట్టాను కాబట్టి నాకు అప్పుడు అలాగే కనిపించింది. ఇప్పుడు ఆ మాటకు కొన్ని షరతులు చేర్చాలి.

పాప పుట్టినరోజు సంక్రాంతి దాటగానే వస్తుంది. ఆ ఏడాది చలి గట్టిగా ఉంది, రాత్రిళ్లు 12, 13 డిగ్రీలకు దిగుతోంది. పాలు ఎప్పుడూ తెచ్చుకునేవే, ముల్కనూరు మహిళల డెయిరీవి. కంబళి కప్పి ఉంచిన గిన్నెలో పెరుగు తెల్లారేసరికి గడ్డలా, చెంచా గుచ్చితే నిలబడేంత చక్కగా తోడుకుంది. సాయంత్రం దాంతోనే కేకు పెట్టాను. అదే కప్పు, అదే గిన్నె, అదే మంట. నలభై నిమిషాలకు మూత తీస్తే కేకు రెండు వేళ్ల ఎత్తు కూడా లేదు. అంచులు గట్టిపడి గిన్నెను వదిలేశాయి, నడుమ మాత్రం తడితడిగా మెరుస్తోంది. ఇంకో పావుగంట ఉంచితే అడుగు మాడింది, నడుమ అలాగే ఉంది. చల్లారాక కోస్తే లోపల గుల్లతనం అన్నది లేదు, ఉడికిన పిండి ముద్ద. రంగు కూడా ఎప్పటిది కాదు, ఎర్రటి నలుపు. నోట్లో పెట్టుకుంటే మొదట తీపి, మింగాక నాలుక చివర సబ్బు రుచి. పాప ఏమీ అనలేదు, ప్లేటు పక్కన పెట్టేసింది. వచ్చినవాళ్ల కోసం చౌరస్తా దగ్గరి బేకరీ నుంచి కేకు తెప్పించాం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఒక్కొక్కటీ తీసి చూశాను. వంటసోడా పాతబడిందేమోనని నిమ్మరసం చుక్క వేస్తే బుస్సుమంది. మైదా, బేకింగ్ పౌడర్ అంతకుముందు వారం వాడినవే. జవాబు అత్తమ్మ నోట వచ్చింది. మిగిలిన పెరుగు చెంచాతో తీసి రుచి చూసి, “ఇది పులిసిందా అమ్మా అసలు? పాలంత కమ్మగా ఉంది” అన్నారు.

అదీ విషయం. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులు వెచ్చదనంలో చురుగ్గా పనిచేస్తాయి, చలికి మందగిస్తాయి. పెరుగు గడ్డకట్టడానికి కావలసినంత పులుపు పుడుతుంది గానీ, అర చెంచా సోడాకు సరిపోయేంత పుట్టదు. ఆమ్లం దొరకని సోడా పొయ్యి వేడికి విరిగి సోడియం కార్బొనేట్ అవుతుంది. బట్టలకు వాడే చాకలి సోడా అదే, కాబట్టి సబ్బు రుచి రావడంలో వింత లేదు. దీనికి తోడు ఆ నెల కొన్న కోకో క్షారం కలిపి పులుపు తగ్గించిన రకం. మామూలు కోకోకు తనదైన ఆమ్లత కొంత ఉంటుంది, అది సోడాకు ఎంతో కొంత సాయం చేస్తుంది. డబ్బా వెనక పదార్థాల జాబితాలో ఆమ్లత నియంత్రకం అంటూ 501 లాంటి సంఖ్య ఉంటే అది క్షారం కలిపిన కోకో. దాని రంగు ముదురుగా, రుచి మెత్తగా ఉంటుంది, చెడ్డదేమీ కాదు. కాకపోతే ఆ కోకో వాడినప్పుడు భారమంతా పెరుగు మీదే పడుతుంది.

ఈ కేకు చేయడం చెప్పే వాళ్లందరూ ‘పెరుగు ఒక కప్పు’ అని రాసి వదిలేస్తారు. నా కోపమంతా ఆ ఒక్క ముక్క మీదే. ఎలాంటి పెరుగో చెప్పకపోతే కొలత చెప్పి ఏం లాభం? దుకాణంలో దొరికే డబ్బా పెరుగు ఏ కాలంలో కొన్నా పులుపు తక్కువే, దానికీ ఇదే గతి.

అప్పటి నుంచి చలికాలంలో కప్పు పెరుగుకు ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలుపుతున్నాను. కేకు మళ్లీ లేచింది, సబ్బు రుచి పోయింది. అయితే మే నెల కేకులో ఉండే చిక్కదనం నిమ్మరసంతో రాలేదని నాకనిపిస్తుంది, మా ఇంట్లో మిగతావాళ్లు తేడా తెలియదంటారు. వీలైతే ముందు రోజు పెరుగునే ఒక పూట పొయ్యి గట్టు మీద ఉంచి పులియబెడతాను. ఏదైనా సరే, చెంబులో నురగ పైకి ఎక్కనిదే పిండి కలపను. మరీ రెండు మూడు రోజుల పులుపు కూడా పనికిరాదు, కేకు బాగా పొంగి చల్లారగానే నడుమ గుంట పడుతుంది.

గిన్నె గురించి ఒక మాట. చాలామంది ప్రెషర్ కుక్కర్‌లో ఉప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసి చేస్తారు. నేనూ కొంతకాలం అలాగే చేశాను. కుక్కర్ మూతకు ఉండే సేఫ్టీ వాల్వులో వేడి మితిమీరితే కరిగిపోయే లోహం ఉంటుంది, నీళ్లు లేకుండా వేడెక్కే కుక్కర్‌లో అది కరిగే ప్రమాదం ఉంది. ఇప్పుడు మందపాటి పాత అల్యూమినియం గంజులో దొడ్డుప్పు పరిచి, పైన బరువైన పళ్లెం మూస్తున్నాను. పది నిమిషాలు ముందుగా వేడెక్కనిచ్చి, ఆ తర్వాత పిండి పోసిన గిన్నెను ఉప్పు మీద పెట్టి సన్న మంట మీద నలభై అయిదు నిమిషాలు. కొత్త చీపురు పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. కోకోను ముందుగా అర కప్పు మరుగుతున్న నీళ్లలో కలిపితే వాసన రెట్టింపవుతుంది, ఇది ఏ కాలంలోనూ నన్ను నిరాశపరచలేదు. పల్లి నూనె మాత్రం వద్దు, కోకోను మించి అదే వాసన కొడుతుంది.

త్వరగా అయిపోయే కేకు అన్న మాట కలపడం వరకే నిజం. మే నెల మధ్యాహ్నం ముప్పావుగంట పొయ్యి వెలిగించి పక్కన నిలబడడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పెరుగు బాగా పులిసే కాలమే వంటింట్లో నిలవలేని కాలం కావడం దీనికున్న పెద్ద చిక్కు. నేను తెల్లవారుజామున చేసేస్తాను, అందరికీ అది కుదరకపోవచ్చు.

గుడ్లు తినే ఇల్లయితే, చేతిలో ఓవెన్ ఉంటే, పెరుగు పులుపు చూసుకుంటూ ఇంత తంటాలు పడే అవసరం ఉందని అనను. రెండు పొరలు పెట్టి క్రీము పూయాల్సిన పెద్ద కేకుకు నేను దీన్ని నమ్ముకోను, మెత్తదనం ఎక్కువై కోసేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది. శనివారాలు, శ్రావణ కార్తీకాలు పాటించే మాలాంటి ఇంట్లో, సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు పెట్టడానికి మాత్రం ఇదే చేస్తున్నాను. పాప పుట్టినరోజుకు కూడా ఇదే, కాకపోతే జనవరిలో నిమ్మకాయ ఒకటి ముందే తెచ్చిపెట్టుకుంటాను.