ఆరేళ్లు వాడాక మూత తీసి చూసిన 650 వాట్ల పవర్ సప్లై

రోజుకు పది గంటలకు తక్కువ కాకుండా ఆరేళ్లు పనిచేసిన ఈ పవర్ సప్లై ఒక్కసారి కూడా కంప్యూటర్‌ను మధ్యలో ఆపలేదు. భారం పడ్డప్పుడు 12 వోల్టుల లైనులో మొదటి ఏడాది 12.06 చూపిన మల్టీమీటర్ ఇప్పుడు 12.01 చూపుతున్నది, ప్రమాణం అనుమతించే 5 శాతం తేడా ముందు ఇది లెక్కలోకి రాదు. రిపుల్‌ను, అంటే వోల్టేజీలో మిగిలిపోయే సన్నని ఊగిసలాటను, కొలవాలంటే ఆసిలోస్కోప్ కావాలి కనుక దాని గురించి నేనేమీ చెప్పలేను.

వారంటీ ముగిసిన కొన్నాళ్లకు ఫ్యాను గరగరలాడటంతో మూత తీశాను. ప్లగ్ పీకేసిన తరువాత కూడా, విద్యుత్తును నిల్వ ఉంచే ప్రధాన కెపాసిటర్‌లో ప్రాణం తీయగలిగినంత వోల్టేజీ నిలిచి ఉండవచ్చు కనుక, దాని కాళ్ల మధ్య కొలత దాదాపు సున్నాకు దిగేవరకు లోపల వేలు పెట్టలేదు. అలవాటు లేనివారు ఈ పనికి పూనుకోకపోవడమే మేలు.

కరెంటు లోపలికి వచ్చే వైపు నాకు తృప్తినిచ్చింది. చవక రకాల్లో, కరెంటులోని విద్యుత్ రొదను వడకట్టే ఫిల్టర్ భాగాల చోట్లు బోర్డు మీద ఖాళీగా వదిలేయడం మామూలే. ఇందులో రెండు చోకులు (తీగచుట్టలు), వాటి కెపాసిటర్లు, హఠాత్తుగా ఎగసే వోల్టేజీని అడ్డుకునే వేరిస్టర్ అన్నీ ఉన్నాయి. ఆన్ చేసిన క్షణంలో దూసుకొచ్చే కరెంటును థర్మిస్టర్ తగ్గిస్తే, ఆ వెంటనే రిలే అనే విద్యుత్ స్విచ్ ఆ థర్మిస్టర్‌ను పక్కకు తప్పించి చల్లారనిస్తుంది. ఆరేళ్లుగా నేను వింటున్న 'టిక్' శబ్దం ఈ రిలేదే. ప్రధాన కెపాసిటర్ 105 డిగ్రీల వేడి వరకు, 400 వోల్టుల వరకు తట్టుకునే రకం, 470 మైక్రోఫారడ్లది. కరెంటు తీసుకునే తీరును సరిదిద్దే పవర్ ఫ్యాక్టర్ సర్క్యూట్ దాని మీద దాదాపు 380 వోల్టులు నిలుపుతుంది కనుక 420 వోల్టులది వేసి ఉంటే నాకు ఇంకొంచెం నమ్మకం కలిగేది. టంకం పని శుభ్రంగా ఉంది, కాళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. 12 వోల్టుల వైపు డయోడ్లకు బదులు తక్కువ వేడెక్కే మాస్‌ఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు), ఘన పాలిమర్ కెపాసిటర్లు వాడారు.

ఇంత శ్రద్ధ చూపినవారు 5 వోల్టుల స్టాండ్‌బై దగ్గర పొదుపు చేశారు. కంప్యూటర్ ఆపేసినా గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఈ చిన్న సర్క్యూట్ పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు ఫ్యాను తిరగదు. అలాంటి చోట, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనించి, పేరు తెలియని కంపెనీ కెపాసిటర్ ఒకటి పెట్టారు. నేను చూసేనాటికి దాని తల కొద్దిగా ఉబ్బి ఉంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. తక్కువ భారంలో ఫ్యానును పూర్తిగా ఆపేసే నిశ్శబ్ద పద్ధతి కూడా ఇందుకు తోడై ఉంటుందని నా అనుమానం. పెట్టె మీద 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నా, ఆ పరీక్ష కొలిచేది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందన్న సామర్థ్యాన్నే, అదీ సుమారు 23 డిగ్రీల గదిలో. కెపాసిటర్ల మన్నిక ఆ ముద్రలో కనిపించదు.

ఫ్యాను స్లీవ్ బేరింగ్ రకం. నాలుగో ఏట నుంచే చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తూ, వేడెక్కాక సర్దుకునేది. దాన్ని నేను చాలాకాలం గ్రాఫిక్స్ కార్డు చప్పుడని పొరబడ్డాను. అదే కొలతలో ద్రవ బేరింగ్ ఫ్యాను ఒకటి, స్టాండ్‌బైకి 105 డిగ్రీల మంచి రకం కెపాసిటర్ ఒకటి వేశాను. స్టాండ్‌బై లైను ఇప్పుడు 5.04 వోల్టుల దగ్గర నిలకడగా ఉంది. దీన్నే ఇంకో రెండేళ్లు వాడాలనుకుంటున్నాను, రాత్రిళ్లు మాత్రం గోడ స్విచ్ ఆపేస్తున్నాను.