అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైన ఆన్‌హాల్ట్: అమ్మానాన్నలతో నాలుగు రోజులు

మా నాన్నకి హోమియో అంటే ప్రాణం. గుడివాడలో పుట్టి పెరిగిన మనిషి, అక్కడ హోమియో కాలేజీ ఉంది కదా, చిన్నప్పటి నుంచి ఆ గాలే పీల్చారు. మాకు జలుబు చేసినా, దెబ్బ తగిలినా సొరుగులోంచి తెల్లగోళీల సీసా తీసేవారు. అందుకని మొన్న మేలో బెర్లిన్‌లో మా ఇంటికొచ్చినప్పుడు ఈఫిల్ టవర్ వద్దు, స్విట్జర్లాండ్ వద్దు, "హానిమన్ ప్రాక్టీస్ చేసిన ఇల్లు చూపించమ్మాయ్ చాలు" అన్నారు. హానిమన్ అంటే హోమియో వైద్యాన్ని మొదలుపెట్టిన జర్మన్ డాక్టర్. ఆ ఇల్లు కోతెన్‌లో ఉంది. మా పిన్ని కొడుకు అదే ఊళ్ళో హోఖ్‌షూలె ఆన్‌హాల్ట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు (ఆ యూనివర్సిటీకి కోతెన్, డెస్సౌ, బెర్న్‌బుర్గ్ మూడు ఊళ్ళల్లోనూ క్యాంపస్‌లున్నాయి, మనవాళ్ళు బాగానే కనపడతారు). సరే ఎలాగూ వెళ్తున్నాం కదా అని నేను చదవడం మొదలుపెట్టాను, ఆ ఊరి కథ తీగ లాగితే మొత్తం ఒక రాజవంశం కదిలింది, ఒక్కరోజు ట్రిప్పు కాస్తా నాలుగు రోజులైంది.

ముందు ఆ వంశం గురించి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఇంత దగ్గర దగ్గర ఊళ్ళల్లో ఇన్ని కోటలెందుకున్నాయో అర్థం కాదు. వీళ్ళని అస్కానియన్లు అంటారు. 12వ శతాబ్దంలో ఆల్బ్రెఖ్ట్ అనే ఆయన, "ఎలుగుబంటి ఆల్బ్రెఖ్ట్" అని పేరు, వంశానికి పెద్ద పేరు తెచ్చాడు. ఆయన మనవడు హైన్‌రిఖ్‌తో 1212 నుంచి ఆన్‌హాల్ట్ అనేది విడి సంస్థానమైంది. అక్కడి నుంచి 1918 నవంబర్ దాకా ఒకే కుటుంబం ఏలింది, ఏడు వందల ఏళ్ళు. చిక్కు ఎక్కడొచ్చిందంటే పెద్దకొడుకుకే మొత్తం రాజ్యం అనే పద్ధతి వీళ్ళల్లో చాలాకాలం లేదు. పొలం పంచుకున్నట్టు పంచుకునేవాళ్ళు. 1603లో అన్నదమ్ములు మళ్ళీ పంచుకుంటే డెస్సౌ, బెర్న్‌బుర్గ్, జెర్బ్స్ట్, కోతెన్ అన్నీ వేరు కాపరాలయ్యాయి. ఇది చెప్తే నాన్న వెంటనే "మన ఊళ్ళో గట్టు తగాదాల్లాగే ఉందే" అన్నారు. తర్వాత ఒక్కో శాఖకీ వారసులు లేక, 1793లో జెర్బ్స్ట్, 1847లో కోతెన్, 1863లో బెర్న్‌బుర్గ్ ఆగిపోయాయి. చివరికి అంతా డెస్సౌ వాళ్ళ చేతికి వచ్చి మళ్ళీ ఒకటైంది.

బెర్లిన్ నుంచి ఆర్ఈ 7 రైలు ఎక్కితే గంటన్నర దాటాక డెస్సౌ, అక్కడ మారితే ఇంకో ఇరవై నిమిషాల్లో కోతెన్. నాకు డాయిష్‌లాండ్ టికెట్ ఉంది (2025లో నెలకి 58 యూరోలు, రీజనల్ రైళ్ళన్నీ అందులోనే), అమ్మానాన్నలకి మాత్రం విడిగా కొన్నాం. స్టేషన్‌లో తమ్ముడు నిలబడి ఉన్నాడు. "పెద్దమ్మా, ముందు భోజనం, తర్వాతే మ్యూజియం" అని తన రూమ్‌కి తీసుకెళ్ళాడు. ముగ్గురు కుర్రాళ్ళు కలిసి పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసిపెట్టారు. నాలుగు రోజుల్లో అమ్మ కడుపునిండా తిన్న భోజనం అదొక్కటే అని ఇప్పుడే చెప్పేస్తున్నా, శాకాహారులు ఈ వైపు వచ్చేటప్పుడు చట్నీపొడులు, ప్యాకెట్ ఉప్మా తప్పకుండా పెట్టుకోండి. మే నెల కాబట్టి ష్పార్గెల్, అంటే తెల్ల ఆస్పరాగస్, ప్రతి హోటల్ మెనూలో ఉంది, ఉడికించిన బంగాళాదుంపలతో ఇస్తారు. నాన్నకి నచ్చింది. అమ్మ "ములక్కాడలో సగం రుచి కూడా లేదు" అని తేల్చేసింది.

హానిమన్ ఇల్లు చిన్నది. లైప్‌జిగ్‌లో సొంతంగా మందులు తయారుచేసి ఇవ్వడానికి అక్కడి మందుల షాపుల వాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు 1821లో కోతెన్ డ్యూక్ ఫెర్డినాండ్ నా దగ్గరికి రా, నీ మందులు నువ్వే ఇచ్చుకో అని అనుమతి ఇచ్చాడు. 1835లో పారిస్ వెళ్ళిపోయే దాకా హానిమన్ పద్నాలుగేళ్ళు ఇక్కడే ఉన్నాడు. ఆ వైద్యం మీద ఎవరి నమ్మకం వాళ్ళది, ఆ వాదనలోకి నేను వెళ్ళను. కానీ చిన్న సంస్థానాలుండటం వల్ల ఒక ఊళ్ళో కాదన్న మనిషికి నలభై మైళ్ళ అవతల ఇంకో రాజు అవునన్నాడు, ఆ సంగతి అక్కడ నిలబడితే బాగా తెలుస్తుంది. నాన్న గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోయారు, అక్కర్లేదు నాన్నా అని చెప్పాల్సి వచ్చింది.

కోతెన్ కోటలో ఇంకో కథ. 1717 నుంచి 1723 దాకా బాఖ్ ఇక్కడ ఆస్థాన సంగీత విద్వాంసుడు. రాజు లియోపోల్డ్ అప్పటికి పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు, స్వయంగా వాయించేవాడు. వీళ్ళు కాల్విన్ మతస్తులు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) కాబట్టి చర్చిలో ఆడంబరమైన సంగీతం ఉండదు, అందుకే బాఖ్ వాద్య సంగీతం ఎక్కువగా రాశాడు, బ్రాండెన్‌బుర్గ్ కచేరీలు 1721లో ఇక్కడున్నప్పుడే అంకితమిచ్చాడు. 1720లో రాజుతో పాటు కార్ల్స్‌బాద్ వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇంట్లో భార్య చనిపోయి, అంత్యక్రియలు కూడా అయిపోయాయట. అమ్మ ఆ మాట విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. కోతెన్‌కి ఒక పూట చాలు, కానీ ఆ పూట తప్పకుండా ఇవ్వండి.

రాత్రికి డెస్సౌలో స్టేషన్‌కి దగ్గరని ఒక హోటల్ బుక్ చేశాను. పేరు చెప్పను కానీ అనుభవం చెప్తాను: సాయంత్రం ఆరు దాటితే రిసెప్షన్‌లో మనిషి ఉండరు, తాళం ఒక పెట్టెలో పెట్టి కోడ్ మెసేజ్ పంపుతామన్నారు, ఆ మెసేజ్ రాలేదు. డెబ్బై ఏళ్ళ మనుషులిద్దరూ బయట చలిలో నలభై నిమిషాలు నిలబడ్డారు. ఫోన్ చేస్తే చివరికి ఎవరో వచ్చి తలుపు తీశారు, ఒక్క సారీ కూడా లేదు. రూమ్ శుభ్రంగానే ఉంది, ఇద్దరికి 89 యూరోలు, బ్రేక్‌ఫాస్ట్ విడిగా. చిన్న ఊళ్ళల్లో ఇదే పద్ధతి చాలాచోట్ల ఉంది, పెద్దవాళ్ళతో వెళ్తే చేరే టైమ్ ముందే ఫోన్‌లో మాట్లాడి ఖాయం చేసుకోండి.

డెస్సౌ అనగానే అందరూ బౌహౌస్ అంటారు, ఆధునిక డిజైన్‌కి పేరుపడ్డ ఒకప్పటి కళాశాల అది. నేనూ అంతకుముందు ఒకసారి దానికోసమే వచ్చి, రెండు గంటలు చూసి వెళ్ళిపోయాను. పాత డెస్సౌ చూద్దామంటే మిగిలింది తక్కువ, 1945 మార్చి 7న బాంబుల్లో ఊరిలో చాలా భాగం నేలమట్టమైంది. రాజభవనంలో యోహాన్‌బౌ అనే ఒక్క రెక్క మిగిలింది, అందులో ఊరి చరిత్ర మ్యూజియం పెట్టారు. నాకు అక్కడ "ముసలి డెస్సౌవర్" లియోపోల్డ్ (1676 నుంచి 1747) కథ పట్టుకుంది. ప్రష్యా సైన్యానికి కవాతులో అడుగు కలిపి నడవడం, తుపాకీ దట్టించడానికి ఇనప కడ్డీ ఇవన్నీ నేర్పిన కఠినమైన సేనాని. కానీ చిన్నప్పుడే మందుల షాపాయన కూతురు అన్నా లూయిజెని ప్రేమించాడు. మనసు మళ్ళుతుందని ఇంట్లోవాళ్ళు దేశాటనకి పంపితే, తిరిగొచ్చి 1698లో ఆవిడనే పెళ్ళి చేసుకున్నాడు. 1701లో చక్రవర్తి ఆవిడకి యువరాణి హోదా ఇచ్చాడు, దాంతో పిల్లలకి వారసత్వం చిక్కు తీరింది. ఈయనే తన రాజ్యంలో ఉన్న జమీందార్ల భూములన్నీ ఒక్కొక్కటిగా కొనేశాడు. అప్పుడది పేరాశలాగే కనిపించి ఉంటుంది, కానీ దానివల్లే మనవడికి దేశమంతా ఒకే చేతికింద దొరికింది, మనవడు దాన్ని తోట చేశాడు.

ఆ మనవడు లియోపోల్డ్ మూడో ఫ్రీడ్‌రిఖ్ ఫ్రాంజ్, ఊళ్ళో ఇప్పటికీ "ఫాటర్ ఫ్రాంజ్", అంటే ఫ్రాంజ్ నాన్నగారు అనే అంటారు. ఈ ట్రిప్పులో నేను చెప్పాల్సిందంతా ఈయన గురించే. పదిహేడేళ్ళప్పుడు, 1757లో, ప్రష్యా సైన్యంలో యుద్ధం చూసి నాకొద్దని బయటికొచ్చేశాడు. సైన్యమే ఇంటిపేరైన వంశంలో పుట్టి ఆ పని చెయ్యడం మామూలు విషయం కాదు, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ద గ్రేట్ కోపంతో ఈ చిన్న సంస్థానం నుంచి భారీగా డబ్బు గుంజాడు. తర్వాత ఫ్రాంజ్ తన స్నేహితుడు, ఆర్కిటెక్ట్ ఎర్డ్‌మన్స్‌డోర్ఫ్‌ని వెంటబెట్టుకుని ఇంగ్లండ్, ఇటలీ తిరిగాడు, తోటలు, భవనాలు, వ్యవసాయం అన్నీ చూసి నేర్చుకుని వచ్చి వోర్లిట్స్ దగ్గర ఎల్బ నది వరద మైదానంలో పని మొదలుపెట్టాడు. 1769 నుంచి 1773 లోపు కట్టిన వోర్లిట్స్ భవనం జర్మనీలో నియోక్లాసికల్ శైలికి (పాత గ్రీకు, రోమన్ కట్టడాల తీరుని మళ్ళీ తెచ్చిన శైలి) తొలి భవనమంటారు. రాజభవనమని పెద్దగా ఊహించుకోకండి, ఒక మంచి పెద్దింటి సైజే. గోడలో మడిచిపెట్టే మంచాలు, వంటింటి నుంచి భోజనం పైకొచ్చే చిన్న లిఫ్టు ఉన్నాయి, అమ్మ వాటి దగ్గర ఆగిపోయింది. లోపలికి గైడ్‌తోనే పంపుతారు, మా టూర్ జర్మన్‌లో నడిచింది, తమ్ముడు పక్కనుండి తెలుగులో చెప్తూ వచ్చాడు.

తోటకి టికెట్ లేదు, గోడా లేదు. మొదటి నుంచీ ఎవరైనా రావచ్చు, రాజుగారి కిటికీ ముందునుంచే నడిచి వెళ్ళొచ్చు. చెరువులు, కాలవలు, వాటి మీద రకరకాల వంతెనలు, మధ్యమధ్యలో నిజమైన పొలాలు, పళ్ళచెట్లు. అందం, ఉపయోగం రెండూ కలిసుండాలి అన్నది ఆయన పట్టుదల. ఒకచోట ఇనప వంతెన ఉంది, ఇంగ్లండ్ కోల్‌బ్రుక్‌డేల్ వంతెనకి నాలుగో వంతు సైజులో 1791లో కట్టించారు, జనానికి కొత్త టెక్నాలజీ చూపించడానికి. ఎల్బ కరకట్టే తోటకి ఒక హద్దు, దాని మీద వరద కాపలావాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు కూడా ఒక్కొక్కటి ఒక్కో తీరులో కట్టారు. కృష్ణా కరకట్ట చూసి పెరిగినవాళ్ళం కదా, నాన్న ఆ గట్టు మీద నడుస్తూ వెనక్కి రానన్నారు.

పడవ తప్పకుండా ఎక్కండి. మోటారు లేదు, తెడ్లతో నడుపుతారు, ముప్పావు గంట, మనిషికి పది యూరోలు దాటింది. నీళ్ళ మీద నుంచి చూస్తేనే ఈ తోట ఎందుకిలా వేశారో తెలుస్తుంది, ఒక మలుపు తిరిగితే చర్చి గోపురం, ఇంకో మలుపుకి ఫ్రెంచ్ తత్వవేత్త రూసో పేరు మీద ద్వీపం. ఒక చివర రాళ్ళతో కట్టిన నకిలీ అగ్నిపర్వతం, నేపుల్స్‌లో వెసూవియస్ చూసొచ్చి దాని గుర్తుగా కట్టించాడు, ఏవో ప్రత్యేక సందర్భాల్లో ఇప్పటికీ నిప్పు రాజేస్తారు.

నాకు గుండెలో నిలిచిపోయింది మాత్రం గుండ్రంగా ఉన్న ఒక చిన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. 1790 నాటికి, తన తోటలోనే, రోమన్ వెస్టా గుడి నమూనాలో ఫ్రాంజ్ కట్టించాడు. తోటలో ఒకచోట నిలబడితే చర్చి, సినగాగ్ రెండూ ఒకే చూపులో పడతాయి. 1938 నవంబర్‌లో దేశమంతా నాజీలు సినగాగ్‌లు తగలబెడుతుంటే దీన్ని కాల్చనివ్వకుండా ఈ తోట డైరెక్టరే అడ్డుపడ్డాడు, అందుకు ఆయన ఉద్యోగం పోయింది. తమ్ముడు బోర్డు చదివి చెప్తుంటే మేం నలుగురం అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాం. ఆ తోటలోనే ఒక రాతి పీఠం మీద "బాటసారీ, ప్రకృతినీ కళనీ గౌరవించు, వాటిని పాడుచెయ్యకు" అని చెక్కి ఉంది, అది 1800 నాటిది.

వోర్లిట్స్‌లో రెండు రాత్రులు ఒక పెద్దావిడ నడిపే గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. 95 యూరోలు, బ్రేక్‌ఫాస్ట్ కలిపి. అమ్మ ఉదయం వేడినీళ్ళు తాగుతుందని ఒకసారి చెప్తే రెండోరోజు అడక్కుండానే ఫ్లాస్క్ గది ముందు పెట్టింది. డెస్సౌలో ఉండి వోర్లిట్స్‌కి వెళ్ళిరావడం కంటే వోర్లిట్స్‌లో ఉండటమే వంద రెట్లు మేలు, పగలు వచ్చిన జనం సాయంత్రం ఐదుకల్లా వెళ్ళిపోతారు, తర్వాత ఆ తోటంతా మనదే. బస్సులు మాత్రం శని, ఆదివారాల్లో బాగా పలచన, టైమ్ చూసుకోకుండా కదలకండి. సీజన్‌లో డెస్సౌ నుంచి చిన్న రైలు కూడా ఉంటుంది కానీ అన్ని రోజులూ కాదు.

మిగతావి గబగబా చెప్తాను. మోజిగ్‌కౌ భవనం ముసలి డెస్సౌవర్ కూతురు పెళ్ళి చేసుకోకుండా తనకోసం కట్టించుకున్నది, పెయింటింగుల హాలు ఒక్కదాని కోసమైనా వెళ్ళొచ్చు. ఒరానియెన్‌బౌమ్ డచ్ కోడలు హెన్రియెట్ కాతరీనా ఊరు, నారింజ చెట్లని చలికాలంలో దాచే హాలు చాలా పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటే వెళ్ళండి. జెర్బ్స్ట్ నుంచే 1744లో పద్నాలుగేళ్ళ అమ్మాయి సోఫీ రష్యా బయల్దేరి తర్వాత మహారాణి కాతరీన్ అయింది. అక్కడి కోట 1945 ఏప్రిల్‌లో కాలిపోయి ఒక రెక్క శిథిలంగా మిగిలింది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం, మేం బయటినుంచే చూశాం.

చివరి రోజు లుయీజియం. ఫ్రాంజ్ భార్య లూయిజె కోసం 1770ల్లో ఎర్డ్‌మన్స్‌డోర్ఫ్ కట్టిన చిన్న తెల్లటి ఇల్లు, చుట్టూ పచ్చిక. వాళ్ళిద్దరి కాపురం సరిగా సాగలేదు, ఆయన వోర్లిట్స్‌లో గోథిక్ హౌస్‌లో తోటమాలి కూతురితో ఉండేవాడు, ముగ్గురు పిల్లలు కూడా. ఈ మాట చెప్పగానే అమ్మకి మూడు రోజులుగా ఉన్న గౌరవం కాస్తా దిగిపోయింది. "దేశమంతటికీ నాన్నగారే, ఇంట్లో ఆవిడకి ఏమయ్యాడూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆయన 1817లో గుర్రం మీద నుంచి పడి ఈ ఇంట్లోనే చనిపోయాడు. దగ్గర్లో యోనిట్స్ చర్చిలో, ఆరేళ్ళ ముందు పోయిన లూయిజె పక్కనే పెట్టారు. మేం వెళ్ళేసరికి చర్చి తాళం వేసి ఉంది. అమ్మ తోటలో రాలిన లైలాక్ పువ్వులు నాలుగు చేతిలో పట్టుకొచ్చింది, గుమ్మం మీద పెట్టి, "ఇవి ఆవిడకే" అని, బస్‌స్టాప్ వైపు నడిచింది.