ఆక్టేవ్‌లో కాంప్లెక్స్ మ్యాట్రిక్స్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఒడిశాలోని గుణుపూర్‌లో ఎలక్ట్రికల్ పిల్లలకు పవర్ సిస్టమ్స్ ల్యాబ్ చూస్తుంటాను. మాకు మ్యాట్రిక్స్ లెక్కలు చేసే జీఎన్‌యూ ఆక్టేవ్ అనే సాఫ్ట్‌వేరే దిక్కు. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి నుంచి నౌపడ లైను రైల్లో వచ్చే మన పిల్లలు కొందరు, రాయగడ వైపు ఒడియా పిల్లలు కొందరు. ఇదే పని చేసే మ్యాట్‌లాబ్ సొంతంగా కొనుక్కునే స్తోమత ఎవరికీ లేదు. ఆక్టేవ్ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే చాలు, హాస్టల్లో నెట్ లేకపోయినా నడుస్తుంది. 2015లో వచ్చిన 4.0 నుంచి ఎడిటర్‌తో సహా విండో కూడా దానితోనే తెరుచుకుంటోంది కాబట్టి నల్ల స్క్రీన్ భయం కూడా పోయింది.

ఇవన్నీ సరేగానీ, నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం కాంప్లెక్స్ నంబర్లు (రియల్ భాగం, కల్పిత భాగం రెండూ ఉన్న సంఖ్యలు). లోడ్ ఫ్లో, అంటే నెట్‌వర్క్‌లో పవర్ ఎటు ఎంత పోతుందో లెక్క, చెయ్యాలంటే ముందు వై-బస్ కట్టాలి: బస్‌ల (లైన్లు కలిసే చోట్ల) మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే మ్యాట్రిక్స్ అది. అందులో గడిగడికీ కాంప్లెక్స్ నంబరే. సీ భాషలో 1999 ప్రమాణంతో కాంప్లెక్స్ రకం వచ్చిందిగానీ మ్యాట్రిక్స్ గుణించడం, సమీకరణాలు సాధించడం మనం రాసుకోవాల్సిందే, లేదా లైబ్రరీ వెతుక్కోవాల్సిందే. ఆక్టేవ్‌లో 0.06 పక్కన ఖాళీ లేకుండా ఐ (i) తగిలిస్తే అది కల్పిత సంఖ్య, అంతే. సున్నాలతో మ్యాట్రిక్స్ చేసి ఒక్క గడిలో కాంప్లెక్స్ విలువ పెట్టండి, అడగకుండానే మొత్తం కాంప్లెక్స్‌గా మారిపోతుంది. వోల్టేజీలు కావాలంటే వై, ఎడమ వాలు గీత ( \ ), కరెంటు వెక్టర్: ఒక్క లైను. షంట్ (బస్ నుంచి నేలకు కలిపే భాగం) ఏదీ లేని నెట్‌వర్క్ ఇస్తే వై-బస్‌లో ప్రతి వరస మొత్తమూ సున్నా అవుతుంది, అప్పుడు మ్యాట్రిక్స్ సింగ్యులర్ (విలోమం లేనిది) అని హెచ్చరిస్తుంది. రిఫరెన్స్ బస్‌ను (మిగతా వోల్టేజీలను దేనితో పోల్చి కొలుస్తామో ఆ బస్‌ను) ఎందుకు తీసేయాలో నేను బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనిది, ఆ హెచ్చరిక చూశాక ఎక్కుతుంది.

ఇక దీని చెడ్డ గుణం. ఒంటి కొటేషన్ గుర్తు ( ' ) పెడితే ట్రాన్స్‌పోజ్ (అడ్డు వరసలు నిలువు వరసలవడం) అని అందరికీ తెలుసు. అది కాంజుగేట్ కూడా చేస్తుందని, అంటే కల్పిత భాగం గుర్తు మారుస్తుందని, చాలామందికి తెలియదు. ఉత్త ట్రాన్స్‌పోజ్ కావాలంటే ముందు చుక్క పెట్టాలి ( .' ). పిల్లలు వోల్టేజీలను అడ్డంగా టైపు చేస్తారు, వై-బస్‌తో గుణించడానికి నిలువు కావాలి కాబట్టి చివర కొటేషన్ కొడతారు. ఎర్రర్ రాదు. వోల్టేజీ మ్యాగ్నిట్యూడ్‌లు చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. కోణాలు మాత్రం గుర్తు మారిపోయి ఉంటాయి.

ల్యాబ్‌లో నేను చూపించే లెక్క ఇది. రెండు బస్‌లు, నిరోధం లేని లైను, రియాక్టెన్స్ 0.1 పర్ యూనిట్ (ఒక ఆధార విలువతో పోల్చిన కొలత). రెండు చోట్లా వోల్టేజీ 1.0, రెండో బస్ కోణం మైనస్ 5 డిగ్రీలు. మొదటి బస్ నుంచి రెండోదానికి సుమారు 0.87 పర్ యూనిట్ పవర్ పోవాలి. చుక్క మరిచిపోతే అదే 0.87 రెండోదాని నుంచి మొదటిదానికి వస్తుంది. రియాక్టివ్ పవర్ మాత్రం 0.038 దగ్గరే ఉంటుంది, అటూ ఇటూ కదలదు. జనరేటర్ కాస్తా లోడ్ అయి కూర్చుంటుంది! క్యూ (రియాక్టివ్ పవర్) సరిపోయింది కదా అని రికార్డులో ఎక్కించేసేవాళ్లుంటారు. ఫేజ్ షిఫ్టర్లు (కోణం మార్చే ట్రాన్స్‌ఫార్మర్లు) లేని మామూలు వై-బస్ సిమెట్రిక్కే తప్ప హెర్మిషియన్ (కాంజుగేట్ ట్రాన్స్‌పోజ్ చేసినా మారనిది) కాదు. అందుకే మా లెక్కల్లో దాదాపు ఎప్పుడూ చుక్క ఉన్నదే కావాలి, వేలు మాత్రం చుక్క లేనిదాని మీదకే పోతుంది.

ఐ అక్షరంతో ఇంకో గొడవ. ఐ, జే రెండూ మామూలు పేర్లే, ఎవరైనా వాటిలో వేరే విలువ పెట్టేయొచ్చు. లూప్ ఐతో నడిపి, లోపల ఎక్స్ ఇంటూ ఐ అని రాస్తే రియాక్టెన్స్ కాస్తా లూప్ లెక్కతో గుణించిన మామూలు సంఖ్య అయిపోతుంది. పెద్ద ఐ (I) కూడా కల్పిత సంఖ్యే, కానీ కరెంటుకు మనం పెట్టుకునే పేరు కూడా అదే. కాబట్టి అంకె అతికించి 1ఐ (1i) అని రాయమంటాను, లూపులకు కే (k) వాడమంటాను.

పోలిక గుర్తుల దగ్గర కూడా కాస్త చూసుకోవాలి. రెండు కాంప్లెక్స్ నంబర్లలో ఏది పెద్దదంటే ఆక్టేవ్ మ్యాగ్నిట్యూడ్ చూస్తుంది, అది సమానమైతే కోణం చూస్తుంది. మ్యాట్‌లాబ్‌లో ఆ గుర్తులు రియల్ భాగాన్నే చూస్తాయి. అటు రాసిన ప్రోగ్రామ్ ఇటు తెచ్చుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. అచ్చు వేయడం గురించి చెప్పనే అక్కర్లేదు: 14 బస్‌ల వై-బస్ స్క్రీన్‌లో పట్టక ముక్కలు ముక్కలుగా దిగుతుంది.

వేగం సంగతికొస్తే, క్లాసు లెక్కలకు ఏ ఇబ్బందీ లేదు. గడిగడికీ లూపు తిప్పి జాకోబియన్ (లోడ్ ఫ్లోలో వాడే అవకలనాల మ్యాట్రిక్స్) కట్టే ప్రోగ్రామ్‌ను పెద్ద నెట్‌వర్క్ మీద వేస్తే మాత్రం టీ తాగి రావచ్చు. ప్రాజెక్టు చేసే ఫైనలియర్ వాళ్లను పైథాన్, దాని మ్యాట్రిక్స్ లైబ్రరీ నంపై వైపు పంపుతున్నాను. అక్కడ ఉత్త జే (j) అని రాస్తే, ఆ పేరుతో ముందు ఏదీ పెట్టుకోనంతవరకూ, ఎర్రరే. 1జే అనాల్సిందే, అది నాకు నచ్చింది. రియల్ సున్నాల మ్యాట్రిక్స్ గడిలో 1జే లాంటి విలువ పెట్టబోతే ఒప్పుకోదు, ముందే చెప్పి చేయించుకోవాలి. ట్రాన్స్‌పోజ్‌కు వాడే టీ ( .T ) కాంజుగేట్ చేయదు కాబట్టి మా వై-బస్ పనికి అదే హాయి. సిగ్నల్ ప్రాసెసింగ్ వాళ్లకు మాత్రం ఇది తిరకాసు: వాళ్లకు కాంజుగేటే కావాలి, ఆక్టేవ్‌లో ఒక్క గుర్తుతో అయ్యే పనికి ఇక్కడ కాంజ్ (conj) అని విడిగా పిలిచి, ఆ తర్వాత టీ పెట్టుకోవాలి.