గాజు కట్టర్‌కు చవక తలలు కొనేవారికి హెచ్చరిక

రంగు గాజు పని చేసేవారు, ముఖ్యంగా నూనె కట్టర్ (పిడిలో పోసిన నూనె చక్రానికి అందే గాజు కట్టర్) వాడేవారు, కొత్త తలకు, అంటే గాజు మీద గీత పెట్టే చిన్న చక్రం ఉండే కొన భాగానికి, డబ్బు కట్టేముందు ఇది చదవండి.

నా ఇత్తడి పిడి కట్టర్‌తో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. గత నెలలో గీత అక్కడక్కడ తెగడం మొదలైంది. చక్రం అరిగిపోయిందనుకుని ఆన్‌లైన్‌లో మూడు తలలు తెప్పించాను. అసలైన కార్బైడ్ (ఉక్కుకన్నా గట్టి పదార్థం) చక్రం అని రాసి ఉంది. ఒక్కొక్కటి 350 రూపాయలు. నేను మామూలుగా కొనే తల ధరలో మూడో వంతు. అక్కడే అనుమానం రావలసింది.

మొదటి రోజు బాగానే కోసింది. మర్నాడు పూజగది తలుపుకోసం తామర రేకులు కోస్తున్నాను. ఎర్ర గాజు, నా దగ్గరున్న వాటిలో ఖరీదైనది. వంపు మీద గీత పెట్టి, రన్నింగ్ ప్లయర్‌తో (గీత వెంట గాజును విరిచే పట్టకారు) మెల్లగా నొక్కాను. బీట సగం దూరం గీత వెంటే వచ్చి, వంపు తిరగకుండా నేరుగా అంచుకు పోయింది. ఇంకో ముక్క తీసుకుంటే అదీ అంతే. నాలుగు రేకులు పోయాక కట్టర్ పక్కన పెట్టి భూతద్దం తీశాను.

దీపం వెలుగులో ఏటవాలుగా పట్టి చూస్తే గీత సన్నని వెండి పోగులా కనిపించాలి. కనిపించింది కానీ మధ్యమధ్య తెగి ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. దాదాపు పన్నెండున్నర మిల్లీమీటర్లకు ఒక ఖాళీ, మొదటి నుంచి చివరిదాకా అదే లెక్క. చక్రం వ్యాసం 4 మిల్లీమీటర్లు, ఒక్క చుట్టు తిరిగితే వచ్చే దూరం అదే. అంచులో ఒకచోట పెచ్చు లేచిపోయింది. గీసిన గీత మీదే మళ్లీ గీస్తే ఎంత మంచి చక్రమైనా పాడవుతుంది, నిజమే. నేను ఎన్నడూ అలా గీయను. మిగిలిన రెండు తలలూ పెట్టి చూశాను. ఒకదానిలో చక్రం ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతోంది.

నకిలీ ఉక్కు చక్రాన్ని అయస్కాంతం లాగుతుంది, అసలైన కార్బైడ్‌ను లాగదు, అలా నకిలీ తెలుస్తుందని కొందరు చెబుతారు. దాన్ని నమ్ముకోవద్దు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని పట్టి ఉంచడానికి సాధారణంగా కోబాల్ట్ కలుపుతారు, అయస్కాంతం దాన్నీ లాగుతుంది.

అమ్మినవారికి ఫోను చేస్తే ముందు నూనె మంచిది కాదన్నారు. తరువాత గాజును గరుకు వైపు కోసి ఉంటారన్నారు. నేను ఎప్పుడూ నున్నటి వైపే గీస్తాను. చివరికి 150 రూపాయలిస్తే సానపట్టి పంపుతామన్నారు. నమ్మి పంపాను. తిరిగి వచ్చిన చక్రంతో గీస్తే లావుపాటి తెల్లని గీత, చుట్టూ గాజు పొట్టు. చక్రం అంచు రెండు వైపులా ఒకే కోణంలో ఉంటేనే బీట గాజు లోపలికి దిగుతుంది. కార్బైడ్‌ను ఆ కోణంలో అరగదీయాలంటే వజ్రపు సానచక్రం, దానికి తగిన యంత్రం కావాలి. చేత్తో మామూలు రాయి మీద రుద్దితే ఉన్న కోణమూ పోతుంది. సానపట్టిస్తామని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ తరువాత తెలిసిన సంగతి. పాత తలతో గీసిన ముక్కలు తీసి చూస్తే వాటిలో ఖాళీలు ఒక లెక్కలో లేవు. అంటే చక్రం అంచు బాగానే ఉంది, తిరగడమే సరిగా లేదు. ఎండిన నూనె, గాజు పొడి కలిసి ఇరుసు దగ్గర ముద్దకట్టాయి. రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కొత్త నూనె పోశాను. గీస్తే ఆ పాత సర్‌ర్‌మనే శబ్దం ఎక్కడా ఆగకుండా వచ్చింది. మిగతా రేకులన్నీ ఆ తలతోనే కోశాను.

నా డబ్బు తిరిగి రాలేదు. ఇలాంటి తలలు ఇప్పటికే కొన్నవారు ఖరీదైన గాజు ముట్టుకోకముందే మామూలు కిటికీ గాజు ముక్క మీద ఒక అడుగు గీత గీసి, స్కేలు పెట్టి ఖాళీలు కొలవండి. సమాన దూరంలో ఉంటే వెంటనే వెనక్కి పంపండి, వాపసు గడువు దాటనివ్వకండి.